గోల్డెన్ రిట్రీవర్ మూలాలు రష్యాలో ఉన్నాయా?

ప్రశ్న: గోల్డెన్ రిట్రీవర్ రష్యా సర్కస్ కుక్కల సంతతి అని కొందరు, స్కాట్లండ్‌లో పుట్టిన జాతి అని మరికొందరు అంటున్నారు. ఏది నిజం? దాదాపు తెల్లగా కనిపించే కుక్కలు కూడా ఈ జాతివేనా?

మొదటి సమాధానం: సర్కస్ కథ చాలాకాలం ప్రచారంలో ఉన్న మాట వాస్తవమే గాని, డడ్లీ మార్జొరీబ్యాంక్స్ రాసి ఉంచిన పెంపకపు దస్త్రాలలోని వివరాలు 1952లో వెలుగులోకి వచ్చాక అది నిలబడలేదు. తరవాత ట్వీడ్‌మౌత్ ప్రభువైన ఈయన, స్కాట్లండ్‌లోని తన గూషికన్ ఎస్టేటులో 1868లో నూస్ అనే పసుపు వన్నె రిట్రీవర్‌ను, బెల్ అనే ట్వీడ్ వాటర్ స్పానియల్‌తో జతకట్టించగా పుట్టిన పసుపు పిల్లలే ఈ జాతికి మూలం. విచిత్రమేమిటంటే, నూస్ తోబుట్టువులన్నీ నల్లనివే. బెల్ జాతి మాత్రం ఇప్పుడు అంతరించిపోయింది.

రెండో సమాధానం: రంగు విషయంలో బ్రిటన్, అమెరికా ప్రమాణాలు ఒకటి కావు. బ్రిటన్ ప్రమాణం మీగడ రంగును అంగీకరిస్తుంది, ఎర్రదనాన్ని ఒప్పుకోదు. అమెరికా ప్రమాణం మరీ లేతగా ఉన్నదాన్ని లోపంగా చూస్తుంది. కాబట్టి తెల్లగా కనిపించేవి వేరే జాతి కావు, వాటిని అరుదైనవని చెప్పి అమ్మడం నా దృష్టిలో మోసమే. రంగు కన్నా బొచ్చు అమరికను గమనించండి: పైపొర చదునుగా గాని అలలుగా గాని ఉంటుంది, దాని కింద నీటిని లోపలికి రానివ్వని దట్టమైన మెత్తటి పొర ఉంటుంది. మగవాటి ఎత్తు భుజం దగ్గర 56 నుంచి 61 సెంటీమీటర్లు.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. ఆడవాటి ఎత్తు కూడా అంతేనా?

రెండో సమాధానమిచ్చినవారు: కాదండీ, 51 నుంచి 56 సెంటీమీటర్లు.