ఒకే వయల్, రెండు డిటెక్టర్లు: 230 దగ్గర ఇంప్యూరిటీ ఎందుకు కలవట్లేదు?

జడ్చర్ల, క్యూసీ:
సార్, ఒకే వయల్, ఒకే కాలమ్. ఒక హెచ్‌పీఎల్‌సీకి (మందులోని పదార్థాలను కాలమ్‌లో విడదీసి కొలిచే యంత్రం) మామూలు యూవీ డిటెక్టర్ (ఒకసారికి ఒక వేవ్‌లెంగ్త్ చూసేది), ఇంకోదానికి పీడీఏ (అన్ని వేవ్‌లెంగ్త్‌లూ ఒకేసారి చూసే డిటెక్టర్). 230 నానోమీటర్ల దగ్గర ఒక ఇంప్యూరిటీ పీడీఏలో 0.15 శాతం, యూవీలో 0.12. మిగతావన్నీ కలుస్తున్నాయి. కెఫీన్ క్యాలిబ్రేషన్ (కెఫీన్ శిఖరం సరైన వేవ్‌లెంగ్త్ దగ్గరే వస్తోందా అని చూసే పరీక్ష) రెండింటికీ పాస్. తప్పు దేనిది?

చౌటుప్పల్, ఏఆర్డీ (పరీక్షా పద్ధతులు తయారుచేసే విభాగం):
పాస్ అయిందంటే సరిగ్గా 230 దగ్గరే ఉందని కాదు తమ్మీ. మీ హద్దు ±2 నానోమీటర్లు అయితే, ఒకటి పైకి ఇంకోటి కిందికి జరిగి మధ్యన 4 నానోమీటర్లు తేడా ఉన్నా రెండూ పాసే. ఆ ఇంప్యూరిటీ స్పెక్ట్రమ్ (ఏ వేవ్‌లెంగ్త్‌లో ఎంత కాంతి పీల్చుకుంటుందో చూపే గీత) పీడీఏలో తీసి చూడు, 230 వాలు మీద పడుతుండాలి. మెయిన్ పీక్‌కి (అసలు మందుకి) అక్కడ చదునుగా ఉంటే దానికేం తేడా కనబడదు.

ముందు పీడీఏ సెట్టింగ్ చూడు. బ్యాండ్‌విడ్త్ (ఒక్క రీడింగ్‌లో కలిపి చూసే వేవ్‌లెంగ్త్‌ల వెడల్పు) 4 ఉందా, 16 ఉందా? రిఫరెన్స్ వేవ్‌లెంగ్త్ (సిగ్నల్‌లోంచి తీసేయడానికి చూసే ఇంకో వేవ్‌లెంగ్త్) ఆన్‌లో ఉంటే ఆపి మళ్లీ చూడు. అదేం కాకపోతే, యూవీలో అదే వయల్‌ని 227 నుంచి 233 దాకా ఒక్కో నానోమీటర్‌కి ఒక ఇంజెక్షన్ వెయ్యి. పీడీఏకి ఒక్క రన్ చాలు. ఏరియాతో కాదు, శాతంతో గ్రాఫ్ గియ్యి, ఫ్లో సెల్ (కాంతి ద్రావణంలోంచి వెళ్లే చిన్న గది) తేడా అందులో కొట్టుకుపోతుంది. రెండు గీతలు ఎంత పక్కకు జరిగాయో అదే తేడా.

జడ్చర్ల, క్యూసీ:
రిఫరెన్స్ ఆఫ్‌లోనే ఉంది, రెండింటి బ్యాండ్‌విడ్త్ దగ్గరదగ్గరే. పీడీఏలో 230 దగ్గరి 0.15, యూవీలో 228, 229 మధ్యన వస్తుంది. కెఫీన్ యూవీలో 272, పీడీఏలో 273.

నల్లగొండ, ఇన్‌స్ట్రుమెంట్ సర్వీస్:
అయితే యూవీయే జరిగినట్టుంది. 230 అని పెడితే నిజంగా చూస్తున్నది 231 దాటి. కెఫీన్ 273 శిఖరం వెడల్పు. 272కీ 274కీ ఏరియా దాదాపు ఒకటే, నాయిజ్ ఎటు లాగితే అటు. కెఫీన్‌ని నీళ్లలో మిల్లీలీటరుకి 10 మైక్రోగ్రాములు చేసి (సెంటీమీటర్ సెల్‌లో 273 దగ్గర అబ్సార్బెన్స్ 0.5 చుట్టూ వస్తుంది) 245 దగ్గరి లోయ, 205 దగ్గరి శిఖరం కూడా తీయండి. మిథనాల్‌లో చేస్తే 205 దండగ, దాని కటాఫే (అక్కడి నుంచి కిందికి మిథనాలే కాంతిని బాగా పీల్చుకుంటుంది) అక్కడ.

డిటెక్టర్ ఆన్ అవ్వగానే తనంతట తను చేసుకునే పరీక్షని నమ్ముకోవద్దు. చాలావాటిలో అది డ్యుటీరియం ల్యాంప్ 656.1, 486.0 గీతలతో చేసేది. గ్రేటింగ్ (కాంతిని వేవ్‌లెంగ్త్‌లుగా విడదీసే పలక) తప్పు అక్కడొకలా, 230 దగ్గర ఇంకోలా ఉండొచ్చు. తేల్చాలంటే హోల్మియం ద్రావణం శిఖరాలు 241.1, 287.1 చూడాలి. అవి కెఫీన్ కంటే సన్నటివి. కానీ అందులో పర్‌క్లోరిక్ ఆమ్లం ఉంటుంది, పంపులోంచి అసలు పంపొద్దు. మీ డిటెక్టర్‌లో క్యువెట్ పెట్టే చోటుంటే సీల్ చేసిన క్యువెట్ వాడండి.

ల్యాంప్ గంట వెలగనిచ్చి, సెల్‌లో బుడగ లేదని చూసుకుని క్యాలిబ్రేషన్ చేయించండి. రెండు ఫలితాలూ కలవాలని యూవీలో మాత్రం 229 పెట్టుకోవద్దు, వ్యాలిడేట్ చేసిన మెథడ్ అది. రీక్యాలిబ్రేషన్ తర్వాత ఇదే వయల్, ఇవే ఏడు వేవ్‌లెంగ్త్‌లు మళ్లీ నడపండి.

చౌటుప్పల్, ఏఆర్డీ:
ఆ ఇంప్యూరిటీకి, మెయిన్ పీక్‌కి రెండింటికీ చదునుగా ఉన్న చోటు దొరికితే మెథడ్‌నే అక్కడికి మార్చే ప్రతిపాదన పెట్టు. రెస్పాన్స్ ఫ్యాక్టర్లు (ఒకే మోతాదుకి ఇంప్యూరిటీ, మందు ఇచ్చే సిగ్నళ్ల నిష్పత్తి) మళ్లీ తీయాలి, అది తప్పదు.