అప్‌డేట్: రిటైరయ్యాక రొయ్యల మేత షాపులో పనికి ఒప్పుకున్నాను

మూడు నెలల క్రితం మీ అందరినీ అడిగాను. 62 ఏళ్లకు లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను, నెల్లూరు జిల్లా విడవలూరులో నా పాత విద్యార్థి తన రొయ్యల మేత షాపులో ఒక పూట లెక్కలు చూడమంటున్నాడు, వెళ్లాలా వద్దా అని. వెళ్తున్నాను. తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట వరకు.

పని నచ్చింది. రైతులు మేత అప్పు మీద తీసుకెళ్లి పట్టుబడి అయ్యాక, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మాక, కడతారు. రొయ్యల సైజును కౌంట్‌లో చెబుతారు. వంద కౌంట్ అంటే కిలోకు వంద రొయ్యలు. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటూ ఎక్కువ. నేను ఆ లెక్క వేస్తుంటే రాత్రంతా చెరువు గట్టున కాపలా ఉండి వచ్చిన మనిషి నా పెన్ను వైపే చూస్తుంటాడు. మొన్న ఒకాయన చెరువుకు వైట్‌స్పాట్ వచ్చింది, రొయ్యల్ని చంపేసే వైరస్ జబ్బు. ఆయన ఖాతాలో బాకీ రాయడానికి చెయ్యి రాలేదు. రాశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొదటి జీతం నా విద్యార్థి కవర్లో పెట్టి, రెండు చేతులతో "తీసుకోండి సార్" అన్నాడు. ఒకప్పుడు నేను బెంచీ ఎక్కించిన పిల్లాడు. సంతోషమో చిన్నతనమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మా ఆవిడకు మాత్రం కోపం. "ఇన్నేళ్లు ఎదురుచూశాను, ఇప్పుడైనా నాతో కూర్చోరా?" అంది. నిజమే కదా. అందుకే శనివారాలు మానేశాను, ఇద్దరం మైపాడు బీచ్‌కి వెళ్తున్నాం.

పెన్షన్ ఆగుతుందా అని అడిగినవాళ్లకు: నాకు ఆగలేదు. ఇన్‌కమ్ టాక్స్‌లో మాత్రం రెండూ కలిపి చూపాలి. సంక్రాంతి దాకా చేస్తానని షాపులో చెప్పాను. ఇంట్లోనూ చెప్పాను.