ఫేలర్: ‘తప్పు’ అందామా, ‘బూటకపు దెబ్బ’ అందామా?

ఒక పాత జర్మన్ పద్యం దగ్గర ఆగిపోయాను. 14వ శతాబ్దపు కత్తిసాము గురువు యోహానెస్ లీష్టెనావర్ పొడవు కత్తి విద్యను శిష్యులు కంఠస్థం చేసేలా అంత్యప్రాసలతో చెప్పాడు. అందులో, పైన కొడుతున్నట్టు చూపి కింద కొట్టే ‘ఫేలర్’ అనే దెబ్బ గురించి ఈ రెండు పాదాలు:

ఫేలర్ ఫెర్‌ఫ్యూరెట్,
ఫొన్ ఉండెన్ నాఖ్ వున్ష్ ఎర్ రూరెట్.

ఫేలర్ దారి తప్పిస్తుంది, కింది నుంచి కోరినట్టు తాకుతుంది అని భావం.

ఇప్పటి జర్మన్‌లో ఫేలర్ అంటే పొరపాటు. దాని క్రియకు గురి తప్పడం అనే అర్థమూ ఉంది. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. మనం రోజూ అనే ‘ఫెయిల్’ కూడా ఆ ఇంటిదే.

మన ‘తప్పు’ కూడా ఇలాంటిదే కదా! లెక్క తప్పు, గురి తప్పింది, దారి తప్పాడు. అందుకే ఆ పాదాలను తెలుగులో ఇలా రాసుకున్నాను:

తప్పు దారి తప్పించును,
క్రింద కోరినచోట తగిలించును.

ఎలా ఉందో చెప్పండి.

వ్యాఖ్య: ‘బూటకపు దెబ్బ’ అంటే వెంటనే అర్థమవుతుంది కదండీ. పైగా మొదటి పాదాన్ని నేను ‘తప్పుదారి’ అని కలిపి చదివాను.

జవాబు: రెండో మాట నిజమేనండీ, మారుస్తాను. ‘బూటకం’ అనడానికి మాత్రం మనసొప్పడం లేదు. 15వ శతాబ్దపు వ్యాఖ్యానాల్లో ఇది ఎలా ఉందో చూడండి. దగ్గరికి వెళ్లి, అవతలివాడి తలకు ఎడమవైపున పైనుంచి కొడుతున్నట్టే కత్తి ఎత్తాలి. వాడు అడ్డుకోవడానికి చేతులు పైకెత్తుతాడు. కత్తికి కత్తి తగలకుండానే మన దెబ్బ తప్పిపోయి, ఖాళీ అయిన కింది భాగం మీద పడుతుంది. మొదటి దెబ్బ నిజం అనిపించకపోతే వాడు చేతులెత్తడు. ‘బూటకం’ అంటే గుట్టు ముందే బయటపడినట్టుంటుంది. ‘తప్పు’ అంటే దెబ్బ వచ్చింది, తగల్లేదు, అంతే.

ఇది అందరి మీదా పారదు కూడా. అడ్డుకోవడమే ఇష్టపడేవాళ్లు, ఒంటి మీది ఖాళీలను వదిలేసి కత్తినే వెంటాడేవాళ్లు దీనికి దొరుకుతారని ఆ వ్యాఖ్యానాలే చెబుతున్నాయి. దారి తప్పేది వాళ్ల కత్తి. ఆ ‘తప్పడం’ పద్యంలో రెండుసార్లు వినపడాలని నా పట్టుదల.

తప్పుదెబ్బ దారి తప్పించును,
క్రింద కోరినచోట తగిలించును.

ఇప్పుడు కలిపి చదివే ఇబ్బంది పోయిందా అండీ?