పిల్లల హోమ్‌కి వెళ్ళే కాలేజీ క్లబ్: సేవా, చుట్టపుచూపా?

సెకండియర్_సివిల్: మా కాలేజీలో ఒక క్లబ్ ఉంది. ఊరి చివరున్న పిల్లల హోమ్‌కి ఆదివారాలు వెళ్తారట. సభ్యత్వం రెండు వందలు. నాన్నేమో ముందు ఫెయిలైన ఆ ఎమ్‌-2 (మ్యాథ్స్-2) బ్యాక్‌లాగ్ సంగతి చూడమంటున్నారు. చేరమంటారా, వద్దంటారా?

మాజీ_కోశాధికారి: వద్దు తమ్ముడూ. ఇలాంటి క్లబ్‌లోనే నేను రెండేళ్ళు ఉండి చూశా. ఏడాదికి మూడుసార్లు వెళ్ళేవాళ్ళం. బ్యానరు, కేకు, అరవైమంది మేము, ముప్పైఅయిదుమంది పిల్లలు. మమ్మల్ని చూడగానే పిల్లలు వరసలో నిలబడి వెల్‌కం పాట ఎత్తుకునేవాళ్ళు, అంత అలవాటైపోయింది పాపం. ఒకడైతే నన్నే అడిగాడు: "అన్నా, ఫోటో ఇప్పుడా, తిన్నాకా?" ఆ మాట తర్వాత నాకు కేకు దిగలేదు. చందాలేమో పక్క డిపార్ట్‌మెంట్ల దగ్గర వసూలు చేసినవి, పేరు మాది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. ఎన్‌ఎస్‌ఎస్‌ (జాతీయ సేవా పథకం)లో రెండేళ్ళకు 240 గంటల లెక్కయినా ఉంటుంది, మా దగ్గర మూడు ఈవెంట్లకే సర్టిఫికెట్.

లెక్కల_అక్క: మీ క్లబ్ అలా ఉందని అన్నీ అలాగే ఉండవు కదండీ. నేను ఏడాదిన్నర ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పాను. మొదటి నెల నా పేరు కూడా ఎవరూ అడగలేదు. ఎలాగూ మళ్ళీ రాదులే అని వాళ్ళ ధీమా! భిన్నాలకే నాలుగు ఆదివారాలు పట్టింది. అందరూ అనాథలనుకుని వెళ్ళా. తీరా చూస్తే సగంమందికి అమ్మో నాన్నో ఉన్నారు, సంక్రాంతికి ఇంటికి వెళ్తారు. "మీకెవరూ లేరా?" అని అడిగి ఏడిపించేది మనలాంటివాళ్ళే.

మాజీ_కోశాధికారి: మీరు ఏడాదిన్నర వెళ్ళారు కాబట్టి సరిపోయింది. నెలకే మానేసేవాళ్ళ సంగతో?

లెక్కల_అక్క: అది ఒప్పుకుంటా. పరీక్షలప్పుడు రెండు వారాలు ఎగ్గొట్టి వెళ్తే ఒక పాప నాతో మాట్లాడలేదు. ముందే చెప్పి ఉండాల్సింది.

చట్టం_చదివినోడు: రెండు సంగతులు చూసుకో బ్రో. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం హోమ్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, 41వ సెక్షన్. రెండోది, అలాంటి పిల్లల్ని గుర్తుపట్టేలా పేర్లు, ఫోటోలు బయటపెట్టడం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. క్లబ్ పేజీలో పిల్లల మొహాలతో రీల్స్ కనిపిస్తే అక్కడే ఆగిపో.

సెకండియర్_సివిల్: చూశానన్నా, రీల్స్ ఉన్నాయి. పిల్లల మొహాలు కూడా ఉన్నాయి. ప్రెసిడెంట్‌ని అడిగితే తీసేయిస్తానన్నాడు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు వెళ్తారట. అలా కాకుండా, నెలకు రెండు ఆదివారాలు ఒకే క్లాసు పిల్లల్ని నాకు అప్పజెప్తావా అని అడిగా. మిడ్ పరీక్షలు అయ్యాక చూద్దాం అన్నాడు. రెండు వందలు ఇంకా నా జేబులోనే ఉన్నాయి.