కొన్ని హౌరా బళ్ళు వైజాగ్ రాకుండా దువ్వాడ మీదుగా పోవడం న్యాయమేనా?

అక్కయ్యపాలెం కుర్రాడు: హౌరా వైపు పోయే వీక్లీ బళ్ళు కొన్ని మన స్టేషన్ మొహం కూడా చూడకుండా దువ్వాడలో ఆగి, సింహాచలం నార్త్ బైపాస్ పట్టుకుని వెళ్ళిపోతున్నాయి. ఇంజిన్ మార్చే టైమ్ మిగులుతుందట. అర్ధరాత్రి పిల్లాపాపలతో దువ్వాడలో దిగినవాడు ఆటోవాడు ఎంతంటే అంత ఇచ్చుకోవాల్సిందేనా? అన్నీ వైజాగ్ రావాల్సిందే.

మర్రిపాలెం మావయ్య: అల్లుడూ, కోపం సరే, లైన్లు ఎలా ఉన్నాయో కూడా చూడాలి కదా. విజయవాడ బండైనా విజయనగరం బండైనా మా మర్రిపాలెం వైపు నుంచే స్టేషన్‌లోకి రావాలి, మళ్ళీ ఇటే పోవాలి, అందుకే ఇంజిన్‌ని ఈ చివర తీసి ఆ చివర తగిలించాలి. చెన్నై నుంచి హౌరా పోయే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో చూడు, అప్పటిదాకా ముందుకు చూస్తూ కూర్చున్నవాళ్ళు ఇక్కణ్ణుంచి వెనక్కి చూస్తూ పోతారు, కొత్తవాళ్ళయితే "అయ్యో, బండి వెనక్కి పోతోందేంటి" అని కంగారు పడతారు కూడా. 1893-96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే ఈ లైను వేసింది, తర్వాత 1901-02లో దక్షిణం ముక్క మద్రాస్ రైల్వేకి, వాల్తేరు (మన వైజాగ్ స్టేషన్ పాత పేరు) నుంచి కటక్ దాకా బెంగాల్ నాగపూర్ రైల్వేకి పోయాయి. ఒకరి హద్దు అయిపోయి ఇంకొకరి హద్దు మొదలయ్యే చోటు మన వాల్తేరు. పైగా బొగ్గింజిన్ల కాలం, దారిలో ఇంజిన్ మార్చడం అప్పట్లో ఎవరికీ వింత కాదు. ఇప్పుడు ఆ వెనక్కి తిరగడమే బరువైపోయింది.

గాజువాక: మాకైతే దువ్వాడే దగ్గర. కూర్మన్నపాలెం, స్టీల్ ప్లాంట్ జనం ఊరివాళ్ళు కాదా? రాత్రిపూట అక్కడికి సిటీ బస్సులు వేయమని అడగండి, బండినే ఊళ్ళోకి లాక్కురావడం దేనికి?

అక్కయ్యపాలెం కుర్రాడు: బస్సు వేసేదాకా బండి ఆగుతుందా అన్నా? మావయ్యా, అమృత్ భారత్ బళ్ళకి రెండు వైపులా ఇంజిన్లుంటాయి, డ్రైవర్ ఇటు నుంచి అటు వెళ్తే చాలు. ఒకప్పుడు మన బళ్ళ సంగతి కలకత్తా గార్డెన్ రీచ్‌లోని రైల్వే జోన్ హెడ్ ఆఫీసులో తేలేది, 2003 నుంచి భువనేశ్వర్‌లో. 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే జోన్‌కి హెడ్ ఆఫీసు ఇక్కడే, 2025 జనవరిలో శంకుస్థాపన కూడా అయింది. ఇప్పుడు కూడా అడగకపోతే ఎప్పుడు అడుగుతాం?

మర్రిపాలెం మావయ్య: అడుగు, నేనూ సంతకం పెడతా. కానీ ఉన్నవి 8 ప్లాట్‌ఫాంలు. ఇంజిన్ రెండు వైపులా ఉన్నా ప్లాట్‌ఫాం ఖాళీ లేకపోతే బండి స్టేషన్ బయట ఔటర్ సిగ్నల్ దగ్గర నిలబడాల్సిందే, అది మా ఇంటి వెనకాలే.