వాగు మీదుగా గేటెడ్ కమ్యూనిటీ: పర్యావరణ అనుమతి పరిశీలనలో వాగు సంగతి ఎవరు చూస్తారు?

వాగొడ్డు వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా ఊరు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు కాస్త అవతల, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలో ఉంది. ఎగువన ఒక చెరువు, దిగువన మరొక చెరువు ఉన్నాయి. పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు వాగు గుండా కింది చెరువుకు చేరుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న సుమారు 25 ఎకరాల పట్టా భూమిని ఒక నిర్మాణ సంస్థ కొని, అక్కడ బహుళ అంతస్తుల నివాస సముదాయం కట్టడానికి సిద్ధమవుతోంది. వాగు ఆ భూమి మధ్య నుంచే పోతుంది. ఎండాకాలంలో అందులో చుక్క నీరు ఉండదు కాబట్టి కొత్తగా చూసేవారికి అది బండ్లబాటలా కనిపిస్తుంది. సంస్థవారు గ్రామస్థులకు చూపిన పటంలో వాగు వంపులేవీ లేవు. వాటికి బదులు ప్రహరీ గోడ వెంబడి 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గల కాంక్రీటు కాలువను తిన్నగా గీశారు.

పర్యావరణ అనుమతికి దరఖాస్తు పెట్టామనీ, నీటిపారుదల శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కూడా వస్తుందనీ, అంతా చట్టప్రకారమే జరుగుతోందనీ వారు చెబుతున్నారు. కావచ్చు. నాకు తెలియవలసినది ఏమిటంటే, ఆ పర్యావరణ అనుమతి ఇచ్చేవారు వాగును నిజంగా పరిశీలిస్తారా, లేక నీటిపారుదల శాఖ కాగితం ఉంటే చాలనుకుంటారా? ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుందా? మేము అభ్యంతరం చెప్పాలంటే ఏ దశలో, ఎవరికి చెప్పాలి?

నివేదికల మనిషి:

ఇటువంటి దరఖాస్తులు తయారుచేసే పనిలో ఉన్నాను కాబట్టి ప్రక్రియ వరకు చెప్పగలను. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం మొత్తం నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు 2.15 లక్షల చదరపు అడుగులు దాటితే ముందస్తు అనుమతి తప్పనిసరి. 1,50,000 చదరపు మీటర్ల లోపు ఉంటే ఆ నోటిఫికేషన్ జాబితాలోని 8(ఎ) కిందికి, అది దాటినా లేదా స్థలం 50 హెక్టార్లు దాటినా 8(బి) కిందికి వస్తుంది. సెల్లార్ పార్కింగు కూడా ఈ లెక్కలో చేరుతుంది. 25 ఎకరాల్లో టవర్లు కడుతున్నారంటే అనుమతి అక్కరలేదనే మాటే రాదు. దరఖాస్తును రాష్ట్ర నిపుణుల మదింపు కమిటీ పరిశీలించి సిఫారసు చేస్తే, రాష్ట్ర స్థాయి పర్యావరణ ప్రభావ మదింపు ప్రాధికార సంస్థ ఉత్తర్వు ఇస్తుంది.

ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. నివాస భవనాలకు, టౌన్‌షిప్‌లకు ఆ నోటిఫికేషనే మినహాయింపు ఇచ్చింది. సిమెంటు కర్మాగారానికి జరిగినట్లు కలెక్టరుగారి సమక్షంలో సభ జరుగుతుందని ఎదురుచూస్తూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ఇక వాగు సంగతి. భవన ప్రాజెక్టులు సమర్పించే ఫారం 1ఏలో రెండు ప్రశ్నలు నేరుగా దీని గురించే ఉన్నాయి. సహజ నీటిపారుదల మార్గాలలో మార్పు ఉంటుందా, ఉంటే స్థల పరిసరాల మార్గాలను కాంటూరు పటం (నేల ఎత్తుపల్లాలు చూపే పటం) మీద చూపండి అనేది ఒకటి. భూవినియోగం మారడం వలన వాననీటి పరుగు దీర్ఘకాలంలో ఎలా మారుతుంది, వరద లేదా నీటి నిల్వ సమస్య పెరుగుతుందా అనేది రెండవది. ప్రశ్నలు చక్కగానే ఉన్నాయి, చిక్కంతా జవాబులతోనే. మొదటి ప్రశ్నకు "మార్పు లేదు" అని, రెండవ ప్రశ్నకు "ఇంకుడు గుంతలు తవ్వుతాము" అని రాసిన దరఖాస్తులు నేను చాలా చూశాను. కమిటీ ఒకే సమావేశంలో అనేక ప్రాజెక్టులను చూస్తుంది. ప్రతి స్థలానికీ వెళ్లి చూడదు. తన ముందున్న కాగితంలో వాగు కనిపించకపోతే అడగడానికి దానికి ఆధారమే ఉండదు.

అందువలన మీ మొదటి పని పర్యావరణ అనుమతుల ప్రభుత్వ వెబ్‌సైటు అయిన పరివేష్ పోర్టల్‌లో ఆ దరఖాస్తును వెతికి, ఫారం 1ఏను దించుకొని, ఈ రెండు జవాబులు చదవడం. పటంలో తిన్నని కాలువ గీసి, ఫారంలో "మార్పు లేదు" అని రాసి ఉంటే అది చిన్న విషయం కాదు. ఉద్దేశపూర్వకంగా సమాచారం దాచినా, తప్పుడు సమాచారం ఇచ్చినా దరఖాస్తును తిరస్కరించవచ్చుననీ, ఇచ్చిన అనుమతిని సైతం రద్దు చేయవచ్చుననీ నోటిఫికేషన్‌లోని 8వ పేరాలో ఉంది.

విశ్రాంత ఇంజినీరు, నీటిపారుదల:

పై మిత్రుడు చెప్పినది సరైనదే గాని, నా దృష్టిలో వాగు భవితవ్యం పర్యావరణ కమిటీ దగ్గర కాదు, అంతకు ముందే, సర్వే, రెవెన్యూ, నీటిపారుదల సిబ్బంది కలిసి చేసే సంయుక్త తనిఖీలో గీసే హద్దు గీత దగ్గర తేలిపోతుంది. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168, అంటే భవన నిర్మాణ నియమాల ప్రకారం, 10 మీటర్లకు మించిన వెడల్పు గల వాగు, నాలా, కాలువల హద్దు నుంచి 9 మీటర్లు బఫర్‌గా, అంటే ఏమీ కట్టని ఖాళీ పట్టీగా వదలాలి. వెడల్పు 10 మీటర్లు లేదా అంతకన్నా తక్కువైతే 2 మీటర్లు వదిలితే చాలు. దీని పర్యవసానం ఆలోచించండి. పాత వాగు వెడల్పు 12 మీటర్లనుకుంటే రెండు గట్లవైపు బఫర్లతో కలిపి 30 మీటర్ల పట్టీ ఖాళీగా ఉండాలి. ఇరువైపులా పూడ్చి, 3 మీటర్ల కాలువనే వాగుగా ఒప్పించగలిగితే ఆ పట్టీ 7 మీటర్లకు తగ్గిపోతుంది. ఆక్రమణ వాగునే కాక దాని బఫర్‌ను కూడా మింగేస్తుందన్నమాట. కాబట్టి ఈ రోజు నేల మీద ఎంత వెడల్పు ఉందన్నది కాక, గ్రామ నక్షాలో ఎంత వెడల్పు ఉందన్నదే మీరు పట్టుకోవలసిన ప్రశ్న.

కాలువ కొలతల గురించి కూడా చెబుతాను, ఎందుకంటే మా శాఖలో అసలు పరీక్ష ఇదే. మీ వాగు పరీవాహక ప్రాంతం నాకు తెలియదు. ఉదాహరణకు 200 హెక్టార్లు అనుకుందాం. గంటకు 60 మిల్లీమీటర్ల తీవ్రతతో వాన పడి, అందులో సగం నేల మీద పారితే, వానను బట్టి ప్రవాహాన్ని అంచనా కట్టే ర్యాషనల్ సూత్రం ప్రకారం సెకనుకు దాదాపు 17 ఘనపు మీటర్ల ప్రవాహం వస్తుంది. 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గల నునుపైన కాంక్రీటు కాలువ, 500కు 1 వాలులో, అంచుల దాకా నిండి పారినా మోయగలిగేది 16 ఘనపు మీటర్లే. కాగితం మీద ఇంచుమించు సరిపోయినట్లే కనిపిస్తుంది. అయితే పరీవాహకమంతా ఇళ్లు, రోడ్లతో నిండి 80 శాతం నీరు పారడం మొదలైతే ప్రవాహం దాదాపు 27కు పెరుగుతుంది. అడుగున అర మీటరు పూడిక చేరితే కాలువ మోసేది 11కు పడిపోతుంది. ఆ మిగిలిన నీరు ఎక్కడికి పోతుందో ఆ సముదాయపు సెల్లార్లకే తెలియాలి. పైగా పై చెరువు మత్తడి పూర్తిగా దూకేటప్పుడు వచ్చే ప్రవాహం ఈ లెక్కలో లేదు. గొలుసుకట్టు చెరువుల మధ్య ఉన్న వాగుకు మత్తడి ప్రవాహాన్ని కూడా లెక్కగట్టకుండా డిజైన్ చేయడం దోషమే.

వంపులు తీసివేసినందుకు దిగువ చెరువు కూడా మూల్యం చెల్లిస్తుంది. నునుపు కాలువలో నీరు సెకనుకు రెండున్నర మీటర్లకు పైగా వేగంతో వచ్చి మట్టి గట్టును కోస్తుంది, వరద శిఖరం త్వరగా వచ్చిపడుతుంది, మత్తడి చాలకపోతే కట్ట మీద భారం పడుతుంది. 2020 అక్టోబరు వానల్లో గగన్‌పహాడ్ అప్పచెరువు తెగినప్పుడు వరద జాతీయ రహదారి మీదికి ఎలా పోటెత్తిందో నగరవాసులకు గుర్తుండే ఉంటుంది.

గీతల పంతులు (ఆర్కిటెక్ట్):

పెద్దాయనగారి లెక్కతో నాకు పేచీ లేదు. అయితే కాలువ అనగానే ద్రోహం అనుకోనక్కరలేదు. ఊరి మురుగు కలిసి, రెండు పక్కలా చెత్త పోసి, ఇప్పటికే చచ్చిపోయిన వాగుకు గోడలు కట్టడం కొన్నిచోట్ల మేలే చేసింది. ఇక్కడ అడగవలసినది వేరు. జీవో 168లోనే, ఇలా వదిలిన బఫర్‌ను ప్రాజెక్టు తప్పనిసరిగా వదలవలసిన ఖాళీ స్థలంలో భాగంగా లెక్కించుకోవచ్చునని ఉంది. భవనం చుట్టూ వదిలే సెట్‌బ్యాక్‌కు మాత్రం అది చెల్లదు. అంటే 25 ఎకరాల స్థలంలో వాగును దాని వంపులతో సహా ఉంచి, పార్కును అక్కడికి జరిపితే సంస్థ నష్టపోయేది బయటివారు ఊహించినంత ఉండదు. టవర్లను వాగుకు దూరంగా జరిపిన ప్రత్యామ్నాయ లేఔట్‌ను పరిశీలించారా అని కమిటీ చేత అడిగించండి. వాగుకు ఎదురునిలిచే లేఔట్లు చాలావరకు అవసరం కొద్దీ పుట్టినవి కావు, స్థలాన్ని ఖాళీ చతురస్రంగా ఊహించుకొని గీసినవి.

క్యారీ నుంచి:

నార్త్ కరొలైనాలో ఇదే తరహా అనుమతుల పని చేస్తున్నాను. ప్రత్యామ్నాయం మాట వచ్చింది కాబట్టి ఒక పోలిక చెబుతాను. అమెరికాలో 1972 నాటి స్వచ్ఛ జల చట్టం 404వ సెక్షన్ కింద, ఇళ్ల ప్రాజెక్టు కోసం సెలయేటిని పూడ్చాలంటే ఆర్మీ ఇంజినీర్ల విభాగం అనుమతి కావాలి. దరఖాస్తుదారు ముందు తప్పించుకునే మార్గం లేదని, తరువాత నష్టాన్ని వీలైనంత తగ్గించానని చూపాలి. పరిహారంగా వేరొకచోట సెలయేటిని పునరుద్ధరించడం ఆ తరువాతి మాట. నివాస ప్రాజెక్టులకున్న సాధారణ అనుమతి అర ఎకరం నష్టం వరకే పనికొస్తుంది; అది దాటితే విడి అనుమతి, బహిరంగ ప్రకటన, ప్రజల అభిప్రాయాలు ఉంటాయి. రాష్ట్రం 401వ సెక్షన్ కింద నీటి నాణ్యత ధ్రువీకరణ కూడా ఇవ్వాలి.

అలాగని ఇక్కడంతా బాగుందని కాదు. 2023లో శాకెట్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, ఇంచుమించు నిలకడగా నీరుండే ప్రవాహాలకే ఫెడరల్ రక్షణ మిగిలింది. వాన కురిసినప్పుడు మాత్రమే పారే మీ వాగు వంటిది ఇక్కడ ఉంటే ఆ చట్టం పరిధిలోకి రాకపోవచ్చు. జీవో 168లో ఏడాది పొడుగునా నీరుండాలన్న షరతు లేదు. దక్కన్ నేలకు తగిన నియమం మీ దగ్గరే ఉంది.

న్యాయవాది:

అభ్యంతరం ఎక్కడ చెప్పాలన్న ప్రశ్నకు వస్తాను. ఉత్తర్వు రాకముందే మదింపు కమిటీ సభ్య కార్యదర్శికి, ప్రాధికార సంస్థకు లిఖితపూర్వకంగా వినతి ఇవ్వండి. నీటిపారుదల శాఖ సూపరింటెండింగ్ ఇంజినీరుకు, హెచ్‌ఎండీఏకు, కలెక్టరుకు ప్రతులు పంపండి. చట్టంలో సభ లేకపోయినా, వచ్చిన లేఖను దస్త్రంలో చేర్చకుండా నిర్ణయిస్తే ఆ నిర్ణయం అప్పీలులో బలహీనపడుతుంది. ఎన్‌ఓసీ, సంయుక్త తనిఖీ నివేదిక, దాని వెంట ఉన్న స్కెచ్ సమాచార హక్కు చట్టం కింద అడగండి. స్కెచ్ లేని ఎన్‌ఓసీ ప్రతితో పని జరగదు.

ఉత్తర్వు వెలువడితే జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టం 16వ సెక్షన్ కింద చెన్నై ధర్మాసనంలో 30 రోజుల్లో అప్పీలు వేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు, అంతకు మించి ఒక్క రోజు కూడా ఇవ్వరు. అనుమతి వచ్చిన సంగతిని సంస్థ 7 రోజుల్లో రెండు స్థానిక పత్రికల్లో ప్రకటించాలి. అందులో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక కావాలి. ఆ ప్రకటనను కనిపెట్టి ఉండండి.

వాదన విషయంలో ఒక జాగ్రత్త. బెంగళూరు కేసులో 2016 మే 4న ట్రైబ్యునల్ చెరువులకు 75 మీటర్లు, ప్రధాన రాజకాలువలకు (అక్కడి పెద్ద వాననీటి కాలువలకు) 50 మీటర్లు బఫర్ అని ఆదేశిస్తే, చట్టబద్ధమైన మాస్టర్ ప్లాన్ నియమాన్ని మార్చే అధికారం ట్రైబ్యునల్‌కు లేదని సుప్రీంకోర్టు 2019 మార్చి 5న ఆ సాధారణ ఆదేశాన్ని కొట్టివేసింది. కాబట్టి "9 మీటర్లు చాలదు, పెంచండి" అనే వాదన నిలవదు. "వాగు వెడల్పును తప్పుగా నమోదు చేశారు, ఫారంలో మార్పును దాచారు" అనే వాదన నిలుస్తుంది. సహజ నీటిపారుదల వ్యవస్థకు ఆటంకం కలిగించే నిర్మాణం చేయరాదన్నది భవన ప్రాజెక్టుల అనుమతుల్లో ప్రామాణిక షరతు. వాగును పక్కకు జరపడం దానికి ఎలా ఇముడుతుందో ఉత్తర్వులోనే వివరించమని అడగండి.

వాగొడ్డు వాసి:

అందరికీ కృతజ్ఞతలు. ఫారం 1ఏ దొరికింది. నీటిపారుదల మార్గాల ప్రశ్నకు నిజంగానే "మార్పు లేదు" అని ఉంది. గ్రామ నక్షాలో మాత్రం వాగును రెండు గీతలతో స్పష్టంగా చూపారు. ఇంజినీరుగారూ, నక్షా మీద కొలిచిన వెడల్పును అధికారులు అంగీకరిస్తారా, మరేదైనా ఆధారం కావాలా?

విశ్రాంత ఇంజినీరు, నీటిపారుదల:

నక్షా ఒక్కటే అయితే స్కేలు తేడా, కాగితం ముడుత అంటూ వాదిస్తారు. దానికి తోడు సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు (స్థలాకృతి పటం), గూగుల్ ఎర్త్‌లోని పాత సంవత్సరాల చిత్రాలు, ఆ సర్వే నంబర్ల పాత పహాణీలలో ఖరాబు (సాగుకు పనికిరాని భూమి) కింద చూపిన విస్తీర్ణం జతచేయండి. నాలుగూ ఒకే మాట చెబితే వాదనకు చోటుండదు. అన్నిటికన్నా ముఖ్యంగా, సర్వే, రెవెన్యూ, నీటిపారుదల సిబ్బంది కలిసి హద్దు రాళ్లు పాతే సంయుక్త తనిఖీని మళ్లీ జరపమనీ, ఆ తేదీని గ్రామ పంచాయతీకి ముందుగా తెలియజేయమనీ లేఖలో కోరండి. తనిఖీ వానాకాలంలోనే పెట్టమని అడగండి. మే నెలలో వెళ్లినవారికి అక్కడ వాగు కనిపించదు.