వీఆర్‌ఎస్ తీసుకుంటే ఈఎస్ఐ నిరుద్యోగ భృతి కూడా వస్తుందా? అర్జెంట్

పటాన్‌చెరు తమ్ముడు:
పొద్దుటి నుంచి ఇదే పని మీద కూర్చున్నాను, బుర్ర వేడెక్కిపోయింది. మా బావగారి ఫ్యాక్టరీలో వీఆర్‌ఎస్, అదే స్వచ్ఛంద పదవీ విరమణ పథకం, పెట్టారు. కొంత ఒకేసారి ఇచ్చి, మిగతాది 58 ఏళ్లు నిండేదాకా నెలనెలా ఇస్తారట. దానికి తోడు ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) నిరుద్యోగ భృతి కూడా వస్తుందని హెచ్‌ఆర్ వాళ్లు నోటిమాటగా చెప్పారు. ఆ భృతి ఒకచోట 90 రోజులని ఉంది, ఇంకోచోట 24 నెలలని ఉంది. ఏది నిజం? శుక్రవారం లోపు సంతకం పెట్టాలి. ఒక్క ముక్కలో చెప్పండి చాలు.

లెక్కలాయన:
వయసెంత? సర్వీసెంత? జీతమెంత?

రిటైర్డ్ టెలిఫోన్:
తమ్ముడూ, తొందరపడొద్దు. మా బీఎస్ఎన్ఎల్‌లో 2019లో వీఆర్‌ఎస్ పెట్టినప్పుడు 50 నిండిన రెగ్యులర్ ఉద్యోగులకు అర్హత ఇచ్చారు. చేసిన సర్వీసుకు ఏడాదికి 35 రోజుల జీతం, మిగిలిన సర్వీసుకు ఏడాదికి 25 రోజుల జీతం. అదీ లెక్కంటే! 2020 జనవరి 31న 78 వేల మందికి పైగా ఒకేసారి బయటికొచ్చాం. పైన పింఛను. ప్రైవేటు వాళ్లు ఇచ్చేదాన్ని కూడా వీఆర్‌ఎస్ అంటుంటే నవ్వొస్తుంది.

లెక్కలాయన:
సార్, ఆయన అడిగింది ఈఎస్ఐ సంగతి.

రిటైర్డ్ టెలిఫోన్:
తెలుసు. పూర్వాపరాలు తెలియాలి కదా.

పటాన్‌చెరు తమ్ముడు:
బావగారికి 51. సర్వీసు 23 ఏళ్లు. జీతం మొత్తం కలిపి 19 వేల చిల్లర, అందులో బేసిక్, డీఏ 14 వేలు. ఇవన్నీ దేనికండీ? భృతి వస్తుందా రాదా అన్నదే నా ప్రశ్న.

లెక్కలాయన:
రాదు.

పటాన్‌చెరు తమ్ముడు:
అలా తేల్చేస్తే ఎలాగండీ? జీతం ఈఎస్ఐ పరిమితి 21 వేల లోపే, ఈఎస్ఐ ప్రతి నెలా కట్ అవుతోంది.

లెక్కలాయన:
కట్ అయితే సరిపోదు. మీరు చదివినవి రెండు వేరువేరు పథకాలు. 90 రోజులది అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 24 నెలలది 2005లో మొదలైన రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన, అందులో మొదటి ఏడాది సగటు వేతనంలో సగం, రెండో ఏడాది పావు వంతు ఇస్తారు. ఆ రెండోది ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ (యాజమాన్యం సిబ్బందిని తొలగించడం) అయినా, అంగవైకల్యం వచ్చి పని చేయలేకపోయినా వర్తిస్తుంది. వీఆర్‌ఎస్ మీద బయటికొచ్చినవాళ్లకు రెండింట్లోనూ లేదు. నెలనెలా కంపెనీ ఇచ్చేది కంపెనీ సొమ్మే, దానికీ ఈఎస్ఐకీ సంబంధం లేదు.

గేటు మీటింగ్:
అసలు దీన్ని వీఆర్‌ఎస్ అనడమే తప్పు. శుక్రవారం లోపు సంతకం పెట్టమని మెడ మీద కత్తి పెడితే అది స్వచ్ఛందం ఎలా అవుతుంది? రిట్రెంచ్‌మెంటే. నోటీసు ఇవ్వాలి, ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి.

లెక్కలాయన:
చట్టంలో రిట్రెంచ్‌మెంట్ నిర్వచనమే స్వచ్ఛంద పదవీ విరమణను పక్కన పెట్టింది. సంతకం పెట్టాక బలవంతం అని నిరూపించాల్సింది కార్మికుడే.

గేటు మీటింగ్:
సంతకం పెట్టకముందే చెబుతున్నా మరి!

లెక్కలాయన:
సరే, మీ లెక్కే వేద్దాం. 23 ఏళ్లకు 15 రోజుల చొప్పున 345 రోజులు, అంటే ఏడాది వేతనం కూడా పూర్తిగా రాదు. గ్రాట్యుటీ ఎలాగూ ఇటైనా అటైనా వస్తుంది. వీఆర్‌ఎస్‌లో ఎంత ఇస్తున్నారో చూడకుండా నినాదాలు దేనికి?

గేటు మీటింగ్:
మీలాంటివాళ్ల వల్లే యాజమాన్యాలు ఇలా తయారయ్యాయి.

ఈపీఎస్ బాధితుడు:
అందరూ అసలు విషయం వదిలేశారు. పీఎఫ్‌తో వచ్చే ఈపీఎస్ కనీస పింఛను 2014 నుంచీ వెయ్యి రూపాయలే! 7,500 చేయమని ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నాం? మీ బావగారికి 23 ఏళ్ల సర్వీసంటే 20 దాటింది కాబట్టి ఇంకో రెండేళ్లు కలుపుతారు. పింఛను ఫార్ములా ప్రకారం 14 వేలను 25తో హెచ్చించి 70తో భాగిస్తే నెలకు 5 వేలు. నెలంతా దాంతో బతకాలట. పైగా 50 దాటింది కదా అని ఇప్పుడే 10డీ ఫారం (పింఛను దరఖాస్తు) పెట్టారనుకోండి, 58కి తగ్గిన ప్రతి ఏడాదికీ 4 శాతం చొప్పున కోత. అందులో దాదాపు పావు వంతు ఎగిరిపోతుంది, అదీ జీవితాంతం. 58 దాకా ఆగమనండి.

పటాన్‌చెరు తమ్ముడు:
ఇది ఉపయోగపడింది. ఇప్పుడే పింఛను పెడదామని అనుకుంటున్నారు. వీఆర్‌ఎస్ డబ్బు మీద టాక్స్ ఉండదు కదా?

లెక్కలాయన:
సరైన స్కీమ్ అయితే 5 లక్షల దాకా ఉండదు, జీవితంలో ఒక్కసారే. ఆపై మొత్తానికి మామూలు టాక్సే. షరతులున్నాయి. పదేళ్ల సర్వీసు గానీ 40 ఏళ్ల వయసు గానీ ఉండాలి, అది మీకు సరిపోయింది. డైరెక్టర్లు తప్ప ఉద్యోగులందరికీ స్కీమ్ వర్తించాలి. ఖాళీ అయిన పోస్టులో మళ్లీ ఎవరినీ పెట్టకూడదు. మొత్తం సిబ్బంది తగ్గాలి.

పటాన్‌చెరు తమ్ముడు:
వాళ్ల సెక్షన్ వాళ్లకే ఇచ్చారండీ ఈ లెటరు. పైగా సంతకం పెట్టినవాళ్లను అదే గ్రూపులోని ఇంకో కంపెనీలో కాంట్రాక్టు మీద తీసుకుంటామన్నారు.

లెక్కలాయన:
ఇది మొదట్లోనే చెప్పాల్సిన మాట! రిటైరైన మనిషిని అదే యాజమాన్యం కింద ఉన్న వేరే కంపెనీలో పెట్టకూడదన్నది కూడా షరతే. టాక్స్ మినహాయింపు చేజారిపోతుంది. లెటర్లో ‘వీఆర్‌ఎస్’ అని ఉందా, ‘రాజీనామా’ అని ఉందా?

పటాన్‌చెరు తమ్ముడు:
‘వ్యక్తిగత కారణాల వల్ల స్వచ్ఛందంగా వైదొలగుతున్నాను’ అని ఉంది. నెలనెలా ఇచ్చే మొత్తం దగ్గర ‘యాజమాన్య నిర్ణయం మేరకు’ అని రాశారు.

గేటు మీటింగ్:
ఇప్పుడేమంటారు లెక్కలాయనా?

లెక్కలాయన:
ఆ లెటరు మీద సంతకం వద్దు. నెలకు ఎంత, ఏ తేదీ దాకా, బావగారికి ఏమైనా అయితే అక్కకు ఇస్తారా, ఈ మూడూ కాగితం మీద రాసివ్వమనండి. ఇంకొకటి, స్కీమ్ కాగితం అసలుదైతే, ఐదేళ్లకు తక్కువ కాకుండా ఈఎస్ఐలో ఉండి వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్లకు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగుతుంది. ఉత్త రాజీనామాకు అది రాదు.

రిటైర్డ్ టెలిఫోన్:
మాకైతే కమ్యుటేషన్, అంటే పింఛనులో కొంత భాగాన్ని ఒకేసారి తీసుకోవడం, 60 ఏళ్ల దాకా వాయిదా వేశారు. అది కూడా రాయాల్సింది ఇందాక.

పటాన్‌చెరు తమ్ముడు:
120 మాట చెప్తే అక్క రెండోసారి అడిగింది నిజమేనా అని. అక్కకు షుగరు. సరే, హెచ్‌ఆర్‌ను కాగితం అడుగుతాం. థాంక్స్ అందరికీ.

మెహదీపట్నం:
మాది బ్యాంకు వీఆర్‌ఎస్, మాకూ ఇవే రూల్సా?

లెక్కలాయన:
వేరే పోస్టు పెట్టండి. వయసు, సర్వీసు, జీతం రాసి.